అద్దం వెనక్కి తిప్పి చూసేవాళ్ళేరీ?

ఈ మధ్య ఎవరి ఫ్లాటుకు వెళ్ళినా హాల్లో ఒక పాత ప్రకటన అద్దం వేలాడుతోంది. పైన వంపు తిరిగిన బంగారు అక్షరాలు, మధ్యన సబ్బో సోడానో టీ పొడో, చుట్టూ పూలతీగ, మూలల్లో నల్లమచ్చలు. "నూట యాభై ఏళ్ళనాటిదండీ, బెల్జియం అద్దం" అంటారు ఇంటివాళ్ళు. ఎవరు చెప్పారంటే అమ్మినవాడు చెప్పాడంటారు. వెనక ఎలా ఉందని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అంత డబ్బు పోసి కొన్న వస్తువును ఒక్కసారైనా తిప్పి చూడలేదన్నమాట. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా రోజుల్లో ఇలాంటి అద్దాన్ని ముఖంవైపు చూసి ఎవరూ బేరం మొదలుపెట్టేవారు కాదు. ఇందులో పనంతా గాజు వెనకే జరుగుతుంది. బొమ్మ వెనక, అక్షరం వెనక, బంగారు రేకు వెనక, రసం పూత వెనక, ఆ పూతకు కాపుగా వేసిన రంగు కూడా వెనకే. ముందునుంచి మనకు కనిపించేది అన్నిటికంటే మొదట పడిన పొర ఒక్కటే. మిగతావన్నీ దాని చాటున ఉంటాయి. ఏ పొరలో ఏ పదార్థం ఉందో గుర్తుపట్టగలిగితే ఆ అద్దం ఏ కాలానిదో, ఎలాంటి చేతిలో తయారైందో, మధ్యలో ఎవరెవరు చెయ్యి పెట్టారో తెలిసిపోతుంది. గుర్తుపట్టలేనివాడికి అమ్మేవాడు చెప్పిందే చరిత్ర.

నేను పుట్టి పెరిగిన మద్రాసు చింతాద్రిపేట పనివాళ్ళ పేట. 1734లో, గవర్నర్ జార్జి మోర్టన్ పిట్ కాలంలో, సుంకురామ చెట్టి తోట ఉన్న చోట నేతగాళ్ళనీ, నూలు వడికేవాళ్ళనీ, బట్టలమీద రంగులు అద్దేవాళ్ళనీ తెచ్చి కాపురం పెట్టించి కట్టిన ఊరు. కూవం నది మెలికలో ఒదిగి ఉంటుంది. మగ్గాలు మా తాతల నాటికే కనుమరుగయ్యాయి గానీ చేతిపని మాత్రం పేటను వదల్లేదు. పక్కనే మౌంట్ రోడ్డు, అక్కడ కొత్త దుకాణం తెరిస్తే బోర్డు కావాలి, అద్దం కావాలి, చట్రం కావాలి. మా మేనమామ గ్లాసు బోర్డుల మేస్త్రి. లాయర్లకీ డాక్టర్లకీ పేరు పలకలు, బట్టల కొట్లకీ కాఫీపొడి కొట్లకీ బోర్డులు, సెలూన్లకి పైభాగాన పేరు రాసిన నిలువుటద్దాలు ఆయన దగ్గర తయారయ్యేవి. అదే సందులో రసం పూసే సాయిబు గారు ఉండేవారు. బడి వదిలాక నా కాలక్షేపం వాళ్ళిద్దరి దగ్గరే.

గాజుమీద వెనకనుంచి రాయడమంటే మామూలు రాత కాదు. కాగితంమీద, గోడమీద ముందు నేల రంగు వేసి, దానిమీద బొమ్మ వేసి, చివర మెరుగులు దిద్దుతారు. గాజుమీద అన్నీ తలకిందులు. చివర పడాల్సిన మెరుగు ముందే పడాలి. కంటిపాపలో తెల్లచుక్క ముందు, ఆ తర్వాత కన్ను, ఆ తర్వాత ముఖం, చిట్టచివర నేల. ఒకచోట తప్పు పడితే పైన దిద్దడానికి వీల్లేదు, గీకేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. పైగా అక్షరాలు కుడి ఎడమలు మార్చి రాయాలి. మామ కుంచె పట్టుకుంటే కొట్లో ఎవరూ దగ్గడానికి కూడా లేదు. "ఒరేయ్, గాలి తగలకుండా కూర్చో" అనేవాడు బంగారు రేకు తీసేటప్పుడు. ఉఫ్ అంటే ఎగిరిపోయేంత పల్చటి రేకు అది. జెలటిన్ కరిగించిన నీళ్ళు గాజుమీద పారించి, ఉడత వెంట్రుకల వెడల్పాటి కుంచెను ఓసారి చెంపకు రాసుకుని, ఆ కాస్త చమురుతో రేకును అంటించి తీసి గాజుమీద వదిలేవాడు. రేకు తనంతట తానే నీళ్ళమీద పరుచుకునేది. ఆరాక వెనకనుంచి అక్షరం ఆకారంలో రంగు కాపు వేసి, కాపు లేనిచోట రేకును తడిదూదితో తుడిచేసేవాడు. ముందుకు తిప్పి చూస్తే అక్షరం నిలబడేది.

ఇప్పుడు ఆ పని చేసేవాడు పేటలో ఒక్కడూ లేడు. ముందు రేడియం స్టిక్కర్లు వచ్చాయి, తర్వాత ఫ్లెక్సులు, ఇప్పుడు ఎల్‌ఈడీ అక్షరాలు. పని పోయింది. పనితోపాటు, ఆ పనిని చూసి మంచిచెడ్డలు చెప్పే కన్నూ పోయింది. రెండోదానికే నాకు ఎక్కువ బాధ.

సరే, ఆ కన్ను ఏం చూసేదో చెబుతాను.

మొదట గాజు. పాత గాజును ఏటవాలుగా పట్టుకుని అందులో కిటికీ చువ్వల ప్రతిబింబం చూసి, అద్దాన్ని మెల్లగా అటూ ఇటూ కదపాలి. చువ్వలు వంకర్లు పోతే అది చేత్తో ఊది, సాగదీసి, పరిచిన గాజు కావచ్చు. వంకర్లన్నీ ఒకే దిక్కుగా, గీతలు గీసినట్టు వరసగా ఉంటే యంత్రంతో పైకి లాగిన రేకు గాజు. ఆ యంత్రం 20వ శతాబ్దం మొదట్లో బెల్జియంవాడైన ఎమిల్ ఫూర్కో పద్ధతిలో వచ్చింది. గాజు లోపల గసగసాలంత బుడగలు ఉండటం కూడా పాతదనానికి ఒక గుర్తు, అయితే అది ఒక్కటే చాలదు. చువ్వలు ఎక్కడా చలించకుండా నిటారుగా నిలబడితే రెండే దారులు. ఒకటి, బాగా ఖర్చుపెట్టి అరగదీసి మెరుగుపెట్టిన పాత మందం గాజు. రెండు, ఫ్లోట్ గాజు. కరిగిన తగరంమీద గాజును తేల్చి చదును చేసే ఆ పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. మన పక్కన శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ ఫ్యాక్టరీ 2000లో మొదలైంది. అంటే ఫ్లోట్ గాజు వెనక రాసిన అక్షరాలు ఎంత వంపులు తిరిగినా, ఎంత మాసిపోయినా, వాటికి మన తాతల వయసు రాదు.

ఫ్లోట్ గాజును పట్టుకోవడానికి ఒక కచ్చితమైన దారి ఉంది. తగరంమీద తేలిన వైపున కొద్దిగా తగరం అంటుకుని ఉంటుంది. చీకట్లో పొట్టి తరంగాల అల్ట్రావయొలెట్ దీపం పడితే ఆ వైపు పాలమబ్బు రంగులో వెలుగుతుంది. దొంగనోట్లు చూడటానికి కొట్లలో పెట్టుకునే దీపం ఇందుకు పనికిరాదు, దాని తరంగం వేరు. పొట్టి తరంగాల దీపాన్ని కళ్ళతో నేరుగా చూడకూడదు, చర్మంమీద పడనివ్వకూడదు. మామ కాలంలో ఇది లేదు. ఉంటే ఆయన కొనకుండా ఉండేవాడు కాదు. కొత్తది ఏదొచ్చినా వద్దనడం మా పెద్దల పద్ధతి కాదు, పనికొస్తే తీసుకునేవారు. ఇప్పటివాళ్ళ చేతిలో ఇన్ని సాధనాలు ఉండి కూడా వాడరు.

బెల్జియం అద్దం అనే మాట గురించి కూడా చెప్పాలి. బెల్జియంనుంచి మంచి గాజు మనకు విస్తారంగా దిగుమతి అయిన మాట నిజమే. చెట్టినాడు మేడల్లో ఇప్పటికీ ఉంది. అయితే ఇప్పుడు మందంగా, బరువుగా, అంచు చెక్కి ఉన్న ప్రతి అద్దమూ బెల్జియమే అయిపోయింది. మందం చూడాలంటే గాజుమీద పెన్సిల్ మొన ఆనించాలి. మొనకీ దాని నీడకీ మధ్య దూరం ఎంతో చూస్తే గాజు ఎంత మందమో అందాజుగా తెలుస్తుంది. అంచు చెక్కుడుమీద బొటనవేలు నడిపించాలి. చేత్తో అరగదీసిన చెక్కుడు ఏటవాలు తక్కువగా, అక్కడక్కడా హెచ్చుతగ్గులుగా తగులుతుంది. యంత్రం చెక్కుడు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. దేశం పేరు ఇవేవీ చెప్పవు. పదార్థం చెప్పని మాట మనం చెప్పకూడదు.

ఇక రసం. అసలు కథ ఇక్కడుంది.

పాత కాలం అద్దాలకు నిజంగానే పాదరసం వాడేవారు. చదునైన రాతిబల్లమీద తగరపు రేకు పరిచి, దానిమీద పాదరసం రుద్ది, ఇంకొంచెం పోసి, శుభ్రం చేసిన గాజును పక్కనుంచి జరిపి దానిమీదికి తెచ్చి, బరువులు పెట్టి, రోజుల తరబడి వదిలేసేవారు. మిగులు పాదరసం కారిపోవడానికి బల్లను కాస్త వంచేవారు. మిగిలిన పూతలో ఎక్కువ పాలు తగరమే. అలాంటి అద్దం వెనకవైపు రంగు కాపు సాధారణంగా ఉండదు, బూడిదరంగు లోహం అలాగే కనిపిస్తుంది. పక్కనుంచి లైటు వేస్తే సన్నటి పలుకులు మెరుస్తాయి. ముఖంవైపు తెల్లకాగితం ఆనిస్తే ప్రతిబింబంలో కాగితం కొంచెం నీలి బూడిదగా, చల్లగా ఉంటుంది. పాడైతే కింది అంచు ముందు పాడవుతుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి నిలబెట్టిన అద్దంలో పాదరసం కిందికే దిగుతుంది. చట్రం అడుగున చిన్న చిన్న పాదరసం బొట్లు దొరికినా దొరుకుతాయి. ఇంట్లో అలాంటిది ఉంటే పిల్లల్ని దూరంగా ఉంచండి, వేడి తగలనివ్వకండి, వ్యాక్యూమ్ క్లీనరు అసలు పెట్టకండి. ఆ పని చేసినవాళ్ళు యూరపులో ఒళ్ళంతా వణుకు పట్టి చచ్చిపోయారు. అందుకే 1900 నాటికి ఆ పద్ధతి దాదాపు అంతరించింది.

దాని చోట వెండి వచ్చింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1835లో దారి చూపించాడు, 1850లలో అది అద్దాల పనికి అక్కరకొచ్చింది. ప్రకటన అద్దాలకి వైభవం ఆ తర్వాతే. కాబట్టి మన చేతికి వచ్చే నిజమైన పాత ప్రకటన అద్దాల్లో చాలావాటికి ఉండేది వెండి పూతే. సాయిబు గారు చేసింది కూడా అదే. గాజును సున్నపు పొడితో తోమి, తగరపు ఉప్పు కలిపిన నీళ్ళతో కడిగి, బ్యాటరీ నీళ్ళతో మళ్ళీ కడిగేవారు. మన కుళాయి నీళ్ళు తగిలితే పూత మచ్చలు పడుతుందని ఆయన భయం. తర్వాత సిల్వర్ నైట్రేటు, అమ్మోనియా కలిపిన ద్రావణంలో గ్లూకోజు నీళ్ళు కలిపి గాజుమీద పోసేవారు. ముందు గోధుమరంగు తిరిగి, మన కళ్ళముందే గాజు అద్దమయ్యేది. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలిపి, మిగిలినది వెంటనే పారబోసేవారు. నిలవుంటే అది పేలుతుంది. ఆ సంగతి ఆయనకి ఏ పుస్తకమూ చెప్పలేదు, ఉస్తాదు చెప్పాడు.

వెండి పూతను గుర్తుపట్టడం కష్టం కాదు. తెల్లకాగితం ఆనిస్తే ప్రతిబింబం కాస్త వెచ్చగా, పసుపు ఛాయలో ఉంటుంది. వెనక కాపు తప్పకుండా ఉంటుంది. లక్క వార్నిషు, దానిమీద సిందూరం కలిపిన ఎర్రరంగు, కొన్నిటికి మధ్యలో రాగి పొర. గీత పడినచోట భూతద్దం పెట్టి చూస్తే ఆ పొరలు ఒకదాని పక్కన ఒకటి అంచులుగా కనబడతాయి. చౌక అద్దాలకి వచ్చిన మూడో పూత అల్యూమినియం. గాలి తీసేసిన గదిలో దాన్ని ఆవిరిగా మార్చి గాజుమీద పట్టించే విద్య 1930లలో దూరదర్శినుల అద్దాల కోసం అమెరికాలో మొదలై, ఆ తర్వాత సంతల్లో అమ్మే అద్దాలదాకా దిగింది. దాని ప్రతిబింబం వెండికంటే కొంచెం మసకగా ఉంటుంది. కనబడని మూల ఒక్కచోట కాపు గీకి కాస్టిక్ సోడా నీటిచుక్క వేస్తే అల్యూమినియం బుస్సుమని కరిగిపోతుంది, వెండి కదలదు. విక్టోరియా రాణి నాటిదని చెప్పే అద్దానికి అల్యూమినియం పూత ఉంటే బేరం అక్కడే ఆపేయాలి.

పూతకీ రాతకీ ఉన్న సంబంధం కూడా చూడాలి. కొన్నిటిలో ముందు గాజుమీద అక్షరాలూ బొమ్మా రాసి, వాటి వెనకనుంచి మొత్తం వెండి పోస్తారు. కొన్నిటిలో మామూలు అద్దం తీసుకుని, వెనక కాపునీ వెండినీ అక్షరం ఆకారంలో గీకి, ఆ కిటికీలో రంగు నింపుతారు. మొదటి రకంలో రంగు అంచు మెత్తగా, వెండి దానిమీదికి పాకినట్టు ఉంటుంది. రెండో రకంలో వెండి అంచు కోసినట్టు ఉండి, రంగు వెనకనుంచి పొంగి కాపుమీద పడి ఉంటుంది. రెండూ మంచి పనులే, రెండూ మన ఊళ్ళో జరిగాయి. రెండోది చవక, సెలూన్ అద్దాలు చాలావరకు అవే. అమ్మేవాడికి ఈ తేడా తెలుసా అని ఎప్పుడైనా అడిగి చూడండి.

మచ్చల సంగతి. వెండికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు శత్రువు, మురుగు కంపులో ఉండేది అదే. కూవం ఒడ్డున కాపురం ఉన్నవాళ్ళకి ఇది పాఠంగా చెప్పక్కర్లేదు. మా ఇళ్ళల్లో వెండి కుందులు, గిన్నెలు ఎంత తోమినా నల్లబడేవి. అద్దానికి కూడా కాపు చిట్లినచోటల్లా నలుపు లోపలికి పాకేది. సహజంగా వచ్చే నలుపు అంచునుంచి మొదలవుతుంది, చట్రంలో తేమ నిలిచేచోట ఎక్కువగా ఉంటుంది, మేకు దిగినచోట, గీత పడినచోట పాకుతుంది. దానికి ఒక కారణం కనిపిస్తుంది. ఇప్పుడు కొత్త అద్దం వెనక రంగు గీకేసి, ఆసిడ్ చల్లి, మధ్యమధ్యలో సమానంగా మచ్చలు తెప్పించి 'యాంటిక్ ఫినిష్' అని అమ్ముతున్నారు. అలంకారానికని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. పాతదని చెప్పి అమ్మితే అది మోసం. తిప్పి చూస్తే మచ్చ వెనక ఆసిడ్ కారిన చారలు ఉంటాయి, అంచులు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

బంగారం దగ్గర మోసం ఇంకా ఎక్కువ. నిజమైన బంగారు రేకు ఎన్నేళ్ళయినా రంగు మారదు. ఇత్తడి రేకు ఆకుపచ్చ, గోధుమ చారలు తిరుగుతుంది. కంచు పొడి కలిపిన రంగు ముద్దగా, గోధుమగా మారిపోతుంది, భూతద్దంలో రేణువులు కనిపిస్తాయి. రేకు పరిచినదైతే సుమారు మూడంగుళాలకొకచోట, ఒక రేకుమీద ఇంకో రేకు ఎక్కిన సన్నటి గీత ఉంటుంది. ఆ గీతను లోపం అనుకుని పారేసుకున్న వాళ్ళున్నారు. అది చేతిపనికి సాక్ష్యం. వెనక కాపు ఊడినచోట అద్దాన్ని ఎండకు ఎదురుగా పట్టి చూస్తే బంగారు రేకు గుండా వచ్చే వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. ఇత్తడి రేకు అంత పల్చగా ఉండదు, వెలుతురు రాదు. ఆ ఆకుపచ్చ వెలుతురును మామ నాకు చూపించినప్పుడు నేను నమ్మలేదు, బంగారంలోంచి పచ్చదనం ఎలా వస్తుందని. ఇవాళ్టికీ ఆ వింత నాకు తీరలేదు.

రంగులు కూడా కాలం చెబుతాయి. పాత తెలుపు సీసపు తెలుపు, అవిసెనూనెలో నూరినది. అది కూడా మురుగు గాలికి నల్లబడుతుంది. తర్వాత జింకు తెలుపు. టైటానియం తెలుపు వాడుకలోకి వచ్చింది 1920ల తర్వాతే. ఎరుపుల్లో ఇంగిలీకం, సిందూరం పాతవి. నీలాల్లో ప్రష్యన్ నీలం 18వ శతాబ్దంది, ఫ్యాక్టరీలో చేసే అల్ట్రామెరీన్ 1828 తర్వాతిది, థాలోసయనిన్ అనే ముదురు నీలం 1935లో బజారుకొచ్చింది. అంటే 1890 నాటి ఇంగ్లండు మద్యపు దుకాణం అద్దంలో ఆ ముదురు నీలం ఉంటే, అది తర్వాత ఎవరో దిద్దిందైనా కావాలి, అద్దం మొత్తమే కొత్తదైనా కావాలి. 1970లలో అలాంటి నకళ్ళు స్క్రీన్ ప్రింటింగులో లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో రంగు పొర అంతటా ఒకే మందం. అంచులో వల కళ్ళ ఆనవాలు రంపపు పళ్ళలా భూతద్దానికి దొరుకుతుంది. చుక్కల ముద్రణ కనిపిస్తే ఇక అడగక్కర్లేదు.

తెలుగువాళ్ళకి ఇంకొక సాక్ష్యం ఉంది, అది మన అక్షరం. చేత్తో రాసిన బోర్డులో 'లు' నాలుగుసార్లు వస్తే నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. మంచి మేస్త్రి చేతిలో తేడా వెంట్రుకవాసి మాత్రమే, కానీ ఉంటుంది. కంప్యూటరు అక్షరమైతే నాలుగూ ఒకే అచ్చు, సన్నకాగితంమీద ఒకదాన్ని ఎత్తి రెండోదానిమీద పెడితే సరిగ్గా కూర్చుంటుంది. తెలుగు రానివాడు నకలు తీస్తే ఒత్తులు చెబుతాయి. క వత్తు తోక ఎటు తిరగాలో, ర వత్తు ఎక్కడినుంచి మొదలవ్వాలో రానిచేతికి తెలియదు, పైగా తిరగేసి రాయాలి. తలకట్టు ముందు గీసి అక్షరం తర్వాత గీసిన చోట కుంచె ఆగిన గుర్తు ఉంటుంది. మద్రాసులో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఒకే అద్దంమీద రాసేవారు. మామ మూడూ తిరగేసి రాయగలిగేవాడు. తెలుగు గుండ్రాలే కష్టం అనేవాడు, తిరగేసినప్పుడు చెయ్యి తనకు తెలియకుండా మామూలు వైపుకి లాగుతుందట.

రాసిన మాటలు కూడా చదవాలి. ధర అణాల్లో ఉంటే 1957కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఆ ఏడే నయాపైసలు వచ్చాయి. చిరునామాలో 'మద్రాసు-2' అని ఉంటే ఒక కాలం, '600 002' అని ఉంటే 1972 తర్వాత, ఎందుకంటే పిన్ కోడ్ ఆ ఆగస్టు 15న మొదలైంది. 'చెన్నై' అని ఇంగ్లీషులో ఉంటే 1996లో ఊరి పేరు మార్చాక రాసి ఉండాలి. ఎక్కువ పాతదిగా చూపించాలని తొందరపడేవాడు సరిగ్గా ఇలాంటిచోటే దొరికిపోతాడు.

చట్రం వెనక పలక తీస్తే దినపత్రిక కాగితం కనిపించడం మామూలే. గాజుకీ చెక్కకీ మధ్య అదే మెత్త. మన ఊళ్ళో అయితే ఆంధ్రపత్రిక ముక్కలు వచ్చేవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1914లో ఇక్కడ దాన్ని దినపత్రికగా మొదలుపెట్టినప్పటినుంచీ తెలుగిళ్ళలో పాత పేపర్ల కట్ట అంటే అదే. తేదీ కనిపించగానే అద్దం వయసు తెలిసిపోయిందని సంబరపడకూడదు. పాత పేపరు కొత్త చట్రంలో పెట్టొచ్చు, పాత అద్దానికి తర్వాత ఎవరో చట్రం మార్చి ఉండొచ్చు. కాగితం అంచు చెక్కకు అంటుకుని గోధుమబారిందా, మేకు తుప్పు కాగితంలోకి దిగిందా, చెక్కమీద గాజు అంచు ఒత్తిడి గుర్తు ఇప్పుడున్న గాజుకి సరిపోతుందా, ఇవి చూడాలి. ఇక్కడ మాత్రం ఇందాక చెప్పిన దొంగనోట్ల దీపం పనికొస్తుంది. తెల్లదనం కోసం మందు కలిపిన కాగితం దానికింద నీలంగా వెలుగుతుంది, అలాంటి కాగితం పాతది కాదు. లక్క వార్నిషు నారింజ ఛాయలో వెలుగుతుంది.

ఇవన్నీ చూడనిచ్చే బజారు కూడా ఉండేది మాకు. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్. 1900లో తెరిచిన ఎర్రటి కట్టడం. పాత పుస్తకాలు, పాత గడియారాలు, పాత అద్దాలు, గ్రామఫోను రికార్డులు అన్నీ అక్కడే. అక్కడి కొట్టువాడు బేరంలో పులే గానీ వస్తువు తిప్పి చూస్తానంటే కాదనేవాడు కాదు. తనే చట్రం విప్పి పలక తీసి చూపించేవాడు, "చూసుకోండి నాయనా, తర్వాత నన్ననకండి" అని. 1985 మే నెలలో అది తగలబడిపోయింది. అక్కడ నేర్చుకున్నవాళ్ళం పెద్దవాళ్ళమైపోయాం. ఇప్పుడు పాత సామాను కావాలంటే కారైకుడి మునీశ్వరన్ కోవిల వీధికి వెళ్తారు, లేదా ఫోనులో ముఖంవైపు తీసిన ఒక బొమ్మ చూసి డబ్బు పంపిస్తారు. వెనకవైపు ఫోటో పంపమని అడగరు. అడిగితే పంపనివాడి దగ్గర కొనకూడదని తెలియదు.

1972లో చేసిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటువాళ్ళు దేశం దాటించకూడదు. నూట యాభై ఏళ్ళ అద్దమని చెప్పి విదేశీయుడికి అమ్మేవాడు అబద్ధమైనా ఆడుతూ ఉండాలి, నేరమైనా చేస్తూ ఉండాలి. కొనేవాడు ఆ మాట ఎందుకు అడగడో నాకు అర్థం కాదు.

ఇంకో బాధ. గాజు వెనక బొమ్మ వేసే విద్య మన దేశానికి 18వ శతాబ్దంలో చైనా వ్యాపారంతో వచ్చి, తంజావూరులో, మైసూరులో ఇంటి విద్యగా మారింది. వెన్నకృష్ణుడు, పట్టాభిరాముడు, నగలకు రేకు తళుకులు. వాటికి ఇప్పుడు పుస్తకాలున్నాయి, ప్రదర్శనలున్నాయి. సంతోషం. అదే గాజు, అదే తిరగేసిన చేతి వరస, అదే రేకుతో సెలూన్ అద్దంమీద పేరు రాసినవాడికి మాత్రం లెక్కలో చోటు లేదు. దేవుడి బొమ్మ వెనక పదార్థాలు పరీక్షించి రాసినంత శ్రద్ధగా కాఫీపొడి కొట్టు అద్దం వెనక పదార్థాలు ఎవరూ రాయలేదు. మా పేటనుంచి కూవం దాటితే ఎగ్మూరు మ్యూజియం. 1930లోనే లోహాల పరిరక్షణకు రసాయన ప్రయోగశాల పెట్టిన చోటు అది, పరమశివన్ గారి లాంటి పరిరక్షణ నిపుణులు పనిచేసిన చోటు. అలాంటిచోట ఒక్క అద్దాన్ని, వెనకవైపు కనిపించేలా నిలబెట్టి, ఏ పొర ఏమిటో రాసి పెడితే పిల్లలు ఎంత నేర్చుకుంటారు! టీ నగర్ నగల కొట్లలో బంగారం మచ్చు చూసే క్యారట్ మిషను ఉంది కదా, ఎక్స్‌రే వేసి లోహం చెబుతుంది. అదే సూత్రంతో పనిచేసే చేతి పరికరం గాజును గీకకుండా సీసం ఉందా, పాదరసం ఉందా, టైటానియం ఉందా చెప్పేస్తుంది. మా మామ కంటితో, వేలితో, ఎండతో చేసిన పనికి ఇది మంచి తోడు.

కొన్నవాళ్ళకి చివరి మాటగా జాగ్రత్తలు. వెనకవైపు తడిగుడ్డ పెట్టకూడదు, గాజుమీద రంగుకు పట్టు తక్కువ, పొలుసులుగా లేచివస్తుంది. ముఖంవైపు కూడా నీళ్ళు పిచికారీ చేయకూడదు, అంచునుంచి లోపలికి దిగుతాయి. బట్టమీద చల్లుకుని తుడవాలి. స్పిరిటు లక్కను కరిగిస్తుంది, దగ్గరికి రానివ్వకూడదు. సముద్రం గాలి తగిలే గోడకి ఆనించి కట్టకుండా, వెనక గాలి ఆడేలా చెక్క ముక్కలు పెట్టి వేలాడదీయాలి. ఎండా, వేడి లైట్లూ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, రసం పోయిందని మళ్ళీ పూత వేయించకూడదు. పాత పూత కరిగించడానికి పోసే ఆసిడ్ రంగుల్ని, కాపుని, రేకుని అన్నిటినీ లేపేస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఒట్టి గాజు.

పోయిన వేసవిలో మా వీధి కుర్రాడొకడు తన తాతగారి కొట్టు అద్దం తెచ్చి చూపించాడు. నిజమైన వెండి పూత, సిందూరం కాపు, పైన తెలుగులో, కింద తమిళంలో కొట్టు పేరు, బంగారు రేకు గీతలు మూడంగుళాలకొకటి స్పష్టంగా ఉన్నాయి. కింది మూల ఒక్కటే నల్లబడింది. ఏ పొర ఏమిటో వాడికి వేలు పెట్టి చూపించాను. "బాగానే ఉంది తాతయ్యా, కానీ మా ఆవిడ ముఖం సరిగా కనబడటం లేదంటోంది" అన్నాడు. ముఖం చూసుకోవడానికి ఇంకో అద్దం కొనుక్కోమని, దీన్ని ముట్టుకోవద్దని చెప్పి పంపాను. నెల తిరక్కముందే ఎవరో మంచి పనివాడు దొరికాడని ఇచ్చేశాడు. తిరిగొచ్చిన అద్దం తళతళలాడుతోంది. వెనక కొత్త ఆకుపచ్చ కాపు. అక్షరాలు ముందువైపు రేడియం స్టిక్కరుతో అంటించారు, తెలుగు పేరులో ఒక ఒత్తు పడలేదు.